ఫిట్స్ మాత్రలు, థైరాయిడ్ రిపోర్టులు: నా అనుభవం

ఫెనిటాయిన్ అనే ఫిట్స్ మాత్ర వేసుకునే రోజుల్లో నా రిపోర్టులో టీ4 (థైరాయిడ్ గ్రంథి తయారుచేసే హార్మోను) తక్కువ, టీఎస్‌హెచ్ (ఆ గ్రంథిని పనిచేయించే హార్మోను) మామూలు. వాల్‌ప్రోయేట్ అనే ఇంకో ఫిట్స్ మాత్రకి మారాక టీ4 మామూలు, టీఎస్‌హెచ్ ఎక్కువ. గొంతులోని గ్రంథి అదే, మనిషినీ నేనే. మారింది ఫిట్స్ మాత్ర ఒక్కటే. ఈ చిన్న సంగతి తెలియక మా ఇంట్లో నిద్రలేని రాత్రులు గడిచాయి. ఫిట్స్ మాత్రలు వాడేవాళ్లు ఉన్న ప్రతి ఇంట్లో ఎప్పుడో ఒకప్పుడు థైరాయిడ్ రిపోర్టు వస్తుంది. ఆ రిపోర్టు చేతికొచ్చినరోజు పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

మాది కదిరి. ఇంటర్ పరీక్షలకి రాత్రంతా మేల్కొని చదివిన ఒక తెల్లవారుజామున మొదటిసారి ఫిట్స్ వచ్చింది. చుట్టుపక్కలవాళ్లు వచ్చి చేతిలో తాళంచెవుల గుత్తి పెట్టారట. తాళంచెవులకీ ఫిట్స్‌కీ ఏ సంబంధమూ లేదు. మనిషిని ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టి, నోట్లో ఏమీ పెట్టకుండా, తల కింద మెత్తగా ఏదైనా ఉంచితే చాలు. ఐదు నిమిషాలు దాటినా ఆగకపోతే ఆస్పత్రికి తీసుకుపోవాలి. ఊళ్లో డాక్టరు ఫెనిటాయిన్ రాశారు, రాత్రికి 300 మిల్లీగ్రాములు. ఫిట్స్‌ని ఆపుతుందని 1938లోనే తేలిన మందు. చవక, ఏ ఊరి మెడికల్ షాపులోనైనా దొరుకుతుంది. పెద్ద ఫిట్స్ చాలావరకు ఆగాయి. ఆ మాత్ర మీదే డిగ్రీ పూర్తయింది, బెంగళూరు వచ్చాను, చిక్‌పేటలో హోల్‌సేల్ చీరల కొట్లో లెక్కలు రాసే పనిలో కుదిరాను, పెళ్లి చేసుకున్నాను. ఫిట్స్ సంగతి పెళ్లికి ముందే అత్తవారికి చెప్పాం. దాచిపెట్టి పెళ్లి చేసే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. దాస్తే మాత్ర దొంగచాటుగా వేసుకోవాలి. మోతాదులు తప్పేది అక్కడే.

కొన్నేళ్లకి చిగుళ్లు ఉబ్బాయి. ఫెనిటాయిన్‌తో ఇది చాలామందికి వచ్చేదే. దానితోపాటు ఒళ్లంతా బరువుగా, నీరసంగా ఉండేది. మా ఆవిడ పట్టుబట్టి ఒళ్లంతా పరీక్ష చేయించింది. అందులో టోటల్ టీ4 4.1 అని వచ్చింది. ఆ ల్యాబ్ లెక్కలో 5కి తక్కువ ఉండకూడదు. ఫ్రీ టీ4, అంటే రక్తంలో విడిగా తిరిగే టీ4, కూడా గీతకి కాస్త కింద. టీఎస్‌హెచ్ మాత్రం 2.3, నిక్షేపంగా ఉంది.

మా వీధిలోని క్లినిక్ డాక్టరు ఆ కాగితం చూసి ముఖం గంభీరంగా పెట్టారు. ఆయన చెప్పిన తర్కం ఇదీ: థైరాయిడ్ హార్మోను తగ్గితే మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి టీఎస్‌హెచ్‌ని ఎక్కువగా వదిలి థైరాయిడ్‌ని పనిచేయించాలి. ఇక్కడ హార్మోను తగ్గింది, పిట్యూటరీ ఉలకడం లేదు. కాబట్టి జబ్బు పిట్యూటరీలోనే ఉండొచ్చు, అక్కడ గడ్డ ఉందేమో ఎంఆర్‌ఐ తీయించండి. పుస్తకం ప్రకారం ఆ మాటలో తప్పు లేదు. పిట్యూటరీ దెబ్బతిన్నవాళ్ల రిపోర్టు అలాగే ఉంటుంది. ఆ లెక్కలో లేనిది ఫెనిటాయిన్ పేరు.

తలలో గడ్డ అన్న మాట మా అమ్మ చెవిన పడ్డాక ఇల్లు ఇల్లులా లేదు. కదిరి నరసింహస్వామికి మొక్కుకుంది. రోజూ పొద్దున ఫోను చేసి "కండ్లు బాగా కనబడతాండాయా నాయనా" అని అడిగేది. మా ఆవిడ బయటికి ఏమీ అనలేదు గానీ, రాత్రిళ్లు నేను కదిలితే చాలు లేచి కూర్చునేది.

ఎంఆర్‌ఐకి ముందు న్యూరాలజిస్టుకి ఒకసారి చూపిద్దామని హోసూరు రోడ్డులో మెదడు, నరాల ఆస్పత్రి నిమ్హాన్స్‌కి వెళ్లాం. శ్రీరాంపురలో మెట్రో ఎక్కి లాల్‌బాగ్‌లో దిగి, అక్కడినుంచి ఆటోలో. లోపల మేడం రిపోర్టు ఫైలు తెరవకముందే అడిగిన మొదటి ప్రశ్న: "ఏం మాత్రలు వేసుకుంటున్నారు? అన్నీ చెప్పండి." కన్నడం యాసలో తెలుగు మాట్లాడారు. ఫెనిటాయిన్ అని చెప్పాక రిపోర్టు చూసి, "ఇది మీ మాత్ర రాసిన రిపోర్టు" అన్నారు. ఆ మాటతో మా ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆమె చెప్పింది నాకు అర్థమైనంత మేరకు రాస్తాను. రక్తంలో ఉండే టీ4లో దాదాపు అంతా ప్రోటీన్లకి అతుక్కుని తిరుగుతుంది. వెయ్యిలో ఒక వంతు కూడా విడిగా ఉండదు, కానీ ఒంటికి పనిచేసేది ఆ విడిగా ఉన్న పిసరే. ఫెనిటాయిన్ రెండు పనులు చేస్తుంది. ప్రోటీన్ల మీద టీ4 కూర్చునే చోటు నుంచి దాన్ని తోసేస్తుంది. కాలేయంలో మందుల్ని, హార్మోన్లని విరగ్గొట్టే ఎంజైములకి పని పెంచుతుంది, దాంతో టీ4 ఇంకా త్వరగా ఖర్చయిపోతుంది. ఈ రెండూ కలిసి మొత్తం టీ4ని 20 నుంచి 40 శాతం దాకా తగ్గించగలవు. ఇంత జరిగినా కణాలకి అందాల్సిన హార్మోను చాలావరకు అందుతూనే ఉంటుంది. అందుకే పిట్యూటరీకి లోటు తెలియదు, టీఎస్‌హెచ్ పెరగదు. ఫ్రీ టీ4 కొలిచే కొన్ని పద్ధతుల్లో రక్తనమూనాను పలుచన చేస్తారు. ఫెనిటాయిన్ వాడేవాళ్లలో ఆ అంకె అసలు కన్నా తక్కువగా కనిపిస్తుంది. కార్బమాజెపిన్, ఫినోబార్బిటాల్ అనే ఫిట్స్ మాత్రలు వాడేవాళ్లకీ కాలేయం దారిన టీ4 తగ్గుతుంది.

మాత్ర మీదే నెపం వేసి మమ్మల్ని పంపేయలేదు ఆమె. కొత్తగా తలనొప్పి ఉందా, పక్కచూపు తగ్గిందా అని అడిగారు. పిట్యూటరీ సరిగా పనిచేస్తోందో లేదో చూడటానికి పొద్దున్నే కార్టిసాల్ అనే హార్మోను పరీక్ష చేయించారు. అన్నీ సరిగా ఉన్నాయి కాబట్టి పిట్యూటరీ కోసం ఎంఆర్‌ఐ అక్కర్లేదన్నారు. ఫిట్స్ మాత్రలు వాడేవాళ్లకి థైరాయిడ్ ఎలా ఉందో చూడాలంటే టీ4 కన్నా టీఎస్‌హెచ్‌ని నమ్ముకోవడం మేలని చెప్పారు. తర్వాతి పరీక్షల్లోనూ అది మామూలుగానే ఉంది.

నీరసానికి వేరే కారణం దొరికింది. కాలేయం ఎంజైములు హార్మోనుతోపాటు విటమిన్ డి ని కూడా త్వరగా ఖర్చు చేస్తాయి. కొట్లో కూర్చునే ఉద్యోగం, ఎండ తగలదు, పైన ఏళ్ల తరబడి ఫెనిటాయిన్. నా విటమిన్ డి 9 నానోగ్రాములు ఉంది, కనీసం 20 ఉండాలంటారు. కాల్షియం, విటమిన్ డి మొదలుపెట్టాక నడుము నొప్పి, కండరాల నొప్పి తగ్గుముఖం పట్టాయి. కాల్షియం మాత్రని ఫెనిటాయిన్‌తో కలిపి వేసుకోవద్దని, మధ్యలో గంటలు వదలమని రాసిచ్చారు, లేకపోతే ఫెనిటాయిన్ సరిగా ఒంటబట్టదు. ఎముకల సంగతి ఎవరూ పెద్దగా చెప్పరు. ఏళ్లుగా ఫెనిటాయిన్, ఫినోబార్బిటాల్, కార్బమాజెపిన్ వాడుతున్నవాళ్లు ఇంట్లో ఉంటే థైరాయిడ్ కన్నా ముందు విటమిన్ డి చూపించమని నేను గట్టిగా చెప్తాను.

అదే రోజు ఇంకో మలుపు కూడా వచ్చింది. పొద్దున లేవగానే చేతులు ఉలిక్కిపడతాయా అని మేడం అడిగారు. పడతాయి. చాలా ఏళ్లుగా. చేతిలో టీ గ్లాసు, పళ్లు తోముకునే బ్రష్షు ఎగిరిపోయేవి. పండగ సీజన్లో, దసరా నుంచి దీపావళి దాకా కొట్లో అర్ధరాత్రి వరకు పని ఉన్నప్పుడు ఇంకా ఎక్కువ. అది కూడా ఫిట్స్‌లో భాగమేనని, నాది కుర్రతనంలో మొదలయ్యే ఒక రకం మూర్ఛ అని, నిద్ర తగ్గితే పెరుగుతుందని, దానికి ఫెనిటాయిన్ అంతగా పనిచేయదని, ఒక్కోసారి ఆ కుదుపుల్ని పెంచుతుందని కూడా చెప్పారు. మెదడులోని విద్యుత్తుని గీసే ఈఈజీ పరీక్ష తీశాక మందు మార్చాలని నిర్ణయించారు. ఒకటి ఆపి ఒకటి వేసుకోవడం కాదు. వాల్‌ప్రోయేట్‌ని మెల్లగా పెంచుతూ ఫెనిటాయిన్‌ని మెల్లగా తగ్గిస్తూ వచ్చాం. ఫిట్స్ మందు దేన్నైనా ఉన్నట్టుండి ఆపితే ఆగకుండా ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు.

వాల్‌ప్రోయేట్ కథ నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే. 1882లో తయారైన పదార్థం. ఎనభై ఏళ్లు ఇతర మందుల్ని కరిగించే ద్రవంగా మాత్రమే వాడారు. 1962లో ఫ్రాన్స్‌లో పియేర్ ఎమార్ అనే పరిశోధకుడు తాను పరీక్షిస్తున్న పదార్థాలన్నీ ఫిట్స్‌ని ఆపుతున్నట్టు గమనించాడు. ఆపుతున్నది ఆ పదార్థాలు కావు, వాటిని కలిపిన ద్రవం. 1967లో ఆ దేశంలో మందుగా వచ్చింది. నాకు అది కొత్త పొద్దులనిచ్చింది. కుదుపులు పూర్తిగా పోయాయి. టీ గ్లాసు ఒక చేత్తో పట్టుకోగలిగాను.

తర్వాత కొన్ని నెలలకి జుట్టు రాలడం మొదలైంది. దిండు మీద, దువ్వెనలో, స్నానాల గది జాలీలో. బరువు పెరిగాను. మధ్యాహ్నం అన్నం తిన్నాక లెడ్జరు ముందు కళ్లు మూతలు పడేవి. మళ్లీ థైరాయిడ్ పరీక్ష. ఈసారి ఫ్రీ టీ4 మామూలు, టీఎస్‌హెచ్ 7.4. మామూలుగా నాలుగు, నాలుగున్నర దాటకూడదు.

ఈ రిపోర్టు బయటికి తెలిశాక తలా ఒక మాట చెప్పారు. ఇంకో క్లినిక్‌లో థైరాక్సిన్ (థైరాయిడ్ హార్మోను మాత్ర) 50 మైక్రోగ్రాములు మొదలుపెట్టమన్నారు. చర్మం డాక్టరు జుట్టు కోసం బయోటిన్ అనే విటమిన్ 10 మిల్లీగ్రాముల మాత్ర రాశారు. మా బావ ఫోను చేసి, "ఉప్పు మార్చు బామ్మర్దీ, గులాబీరంగు రాతి ఉప్పు వాడు, థైరాయిడ్ దెబ్బకి పోతుంది" అన్నాడు. మెడికల్ షాపులో తెలిసినతను, "అన్నా, వాల్‌ప్రోయేట్ వేసుకుంటే జింక్, సెలీనియం తగ్గిపోతాయంట, ఈ క్యాప్సూల్‌లో రెండూ ఉన్నాయి" అని డబ్బా చేతిలో పెట్టాడు. అందరూ నా మంచి కోరినవాళ్లే.

చర్మం డాక్టరు చెప్పింది డాక్టరు మాట కాబట్టి బయోటిన్ వేసుకున్నాను. మిగతావి న్యూరాలజిస్టుని అడిగాకే అనుకున్నాం. అపాయింట్‌మెంటుకి ముందు మళ్లీ రక్తం ఇచ్చాను. ఫలితం చూసి మా ఆవిడ, నేను ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. టీఎస్‌హెచ్ 0.3, ఫ్రీ టీ4 ఎక్కువ. థైరాయిడ్ మందగించిందన్నది పోయి, ఇప్పుడు అతిగా పనిచేస్తోందని కాగితం చెప్తోంది. ఏ థైరాయిడ్ మందూ వేసుకోకుండానే.

న్యూరాలజిస్టు మేడం నన్ను ఎండోక్రైనాలజిస్టు, అంటే హార్మోన్ల డాక్టరు, దగ్గరికి పంపారు. ఆయన గొంతు తడిమి, నాడి చూసి, చేతులు చాపించి వణుకు ఉందేమో చూశారు. గుండె దడ, చెమటలు, బరువు తగ్గడం ఏమీ లేవు. "రిపోర్టుకీ మనిషికీ పొంతన లేదు. జుట్టుకి ఏమైనా వేసుకుంటున్నారా?" అని అడిగారు. బయోటిన్ పేరు చెప్పగానే తల ఊపారు.

చాలా ల్యాబుల యంత్రాలు హార్మోన్లని పట్టడానికి బయోటిన్‌నే కొక్కెంలా వాడతాయి. ఒంట్లో రోజుకి కావాల్సింది 30 మైక్రోగ్రాములు. జుట్టు మాత్రలో 10 మిల్లీగ్రాములంటే దానికి మూడు వందల రెట్లకి పైన. ఆ మిగులు రక్తంలో తిరుగుతుంటే యంత్రం లెక్క తప్పుతుంది, టీఎస్‌హెచ్ ఉన్నదానికన్నా తక్కువగా, ఫ్రీ టీ4 ఎక్కువగా చూపిస్తుంది. గుండె జబ్బుకి చేసే ట్రోపోనిన్ పరీక్షని కూడా ఇది తప్పు చూపించగలదని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017లో హెచ్చరించింది. వాల్‌ప్రోయేట్‌తో జుట్టు రాలుతుంది, జుట్టు రాలితే బయోటిన్ రాస్తారు, బయోటిన్ థైరాయిడ్ పరీక్షని తారుమారు చేస్తుంది. ఈ మూడూ ఒకదాని వెనక ఒకటి రావడం చాలా సులభం. బయోటిన్ ఆపించి, వారం పైన ఆగి, పరగడుపున రక్తం తీయించారు. టీఎస్‌హెచ్ 6.8, ఫ్రీ టీ4 మామూలు. అసలు రిపోర్టు అది.

ఇక ఖనిజాల సంగతి. దీని గురించి నేను ఎక్కువ అడిగాను, ఆయన ఓపిగ్గా చెప్పారు, తర్వాత కొంత నేనూ చదివాను.

థైరాయిడ్ గ్రంథి ఎక్కువగా తయారుచేసేది టీ4. కణాల్లో గట్టిగా పనిచేసేది టీ3. టీ4లో ఒక అయోడిన్ పరమాణువు ఊడగొడితే టీ3 అవుతుంది. ఆ ఊడగొట్టే ఎంజైముల నిర్మాణంలోనే సెలీనియం ఉంటుంది. పైగా హార్మోను తయారీకి గ్రంథి హైడ్రోజన్ పెరాక్సైడ్‌ని వాడుకుంటుంది. దాని వేడి గ్రంథికే తగలకుండా కాపాడే ఇంకో ఎంజైములోనూ సెలీనియమే. గ్రాముకి ఇంత అని లెక్కవేస్తే ఒంట్లో అన్ని అవయవాల కన్నా థైరాయిడ్‌లోనే సెలీనియం ఎక్కువ. జింక్‌ది మరో చోటు. కణంలో టీ3 వచ్చి పట్టుకునే ప్రోటీను జింక్ లేకపోతే తన ఆకారంలో నిలవదు. ఆకారం చెడితే హార్మోను ఉన్నా దాని మాట జన్యువులకి చేరదు.

వాల్‌ప్రోయేట్ వాడేవాళ్లలో టీఎస్‌హెచ్ కాస్త పెరగడం పిల్లల్లోనూ పెద్దల్లోనూ బాగా తెలిసిన విషయం. ఫెనిటాయిన్‌లా ఇది కాలేయం ఎంజైములని ఉసిగొల్పదు కాబట్టి టీ4 మామూలుగానే ఉంటుంది. టీఎస్‌హెచ్ ఎందుకు పెరుగుతుందన్న దానికి రెండు దారులు చెప్తారు. మెదడులో గాబా అనే రసాయనం పనిని వాల్‌ప్రోయేట్ పెంచుతుంది, దాని ప్రభావం టీఎస్‌హెచ్‌ని నడిపించే కేంద్రాల మీద పడుతుందన్నది ఒకటి. రక్తంలో జింక్, సెలీనియం తగ్గడం రెండోది. కొన్ని పరిశోధనల్లో అవి తగ్గినట్టు కనిపించాయి, కొన్నింటిలో తేడా కనిపించలేదు. మెడికల్ షాపు అతని మాటకి ఆధారం ఉంది. కానీ ఆ ఆధారం అందరికీ డబ్బా పట్టించేంత గట్టిది కాదు.

సెలీనియం మాత్ర ఎందుకు వద్దన్నారో వింటే నాకు భయం కూడా వేసింది. మనదేశంలో పెద్దవాళ్లకి రోజుకి 40 మైక్రోగ్రాములు చాలంటారు, 400 దాటితే చెడు చేస్తుంది. దాని అవసరానికీ విషానికీ మధ్య దూరం తక్కువ. ఎక్కువైతే మొదట కనిపించేది జుట్టు రాలడం, గోళ్లు పెళుసెక్కడం. పంజాబ్‌లో నవాన్‌షహర్, హోషియార్‌పూర్ చుట్టూ కొన్ని ఊళ్ల నేలలో సెలీనియం ఎక్కువ. అక్కడ పండిన ధాన్యం, గడ్డి తిన్న మనుషుల్లో, పశువుల్లో ఇవే లక్షణాలు చూశారు. వాల్‌ప్రోయేట్‌తో జుట్టు రాలుతుంది, థైరాయిడ్ తగ్గినా రాలుతుంది, జింక్ తగ్గినా రాలుతుంది, సెలీనియం ఎక్కువైనా రాలుతుంది. రాలిన జుట్టు చూసి ఏది కారణమో చెప్పలేం. లోటు ఉందని తెలియకుండా డబ్బా తెరిస్తే, జబ్బు ఏదో మందు ఏదో కలిసిపోతాయి.

జింక్ పరీక్ష చేయించారు. దీనికీ ఒక పద్ధతి ఉంది. అన్నం తిన్నాక జింక్ పడిపోతుంది, జలుబు జ్వరాలున్నప్పుడు పడిపోతుంది, మామూలు ట్యూబులో తీస్తే ట్యూబు నుంచే జింక్ కలవవచ్చు, రక్తకణాలు చిట్లితే ఎక్కువగా చూపిస్తుంది. అందుకని పొద్దున్నే, పరగడుపున, ఖనిజాల పరీక్షకి ప్రత్యేకించిన ట్యూబులో తీశారు. నాది డెసిలీటరుకి 58 మైక్రోగ్రాములు వచ్చింది. మగవాళ్లకి పొద్దున పరగడుపున 74కి తగ్గకూడదు. వెంట్రుకలు పంపిస్తే ఖనిజాలన్నీ చెప్తామనే ల్యాబు గురించి కూడా అడిగాను. దానిమీద డబ్బు పెట్టొద్దన్నారు.

జింక్ మాత్ర రోజుకి 20 మిల్లీగ్రాములు, మూడు నెలలకి మాత్రమే రాశారు. ఎక్కువ మోతాదులో ఏళ్లకొద్దీ వేసుకుంటే జింక్ రాగి లోహాన్ని (కాపర్‌ని) ఒంటబట్టనివ్వదు. రాగి తగ్గితే రక్తం తగ్గుతుంది, కాళ్లు తిమ్మిర్లెక్కుతాయి. ఫిట్స్ ఉన్న మనిషికి కాళ్లు తడబడితే అది మందు వల్ల అనుకుని అసలు కారణం పట్టుకోలేరు. తిండిలో మా ఆవిడ మార్పులు చేసింది. మాకు రాగి సంగటి, పప్పు, ఉలవచారు లేనిదే వారం గడవదు. వీటిలో జింక్ ఉన్నా, ధాన్యాల పొట్టులో ఉండే ఫైటేట్ దాన్ని పట్టేసుకుని ఒంటికి అందనివ్వదు. నానబెట్టి మొలకెత్తిస్తే ఫైటేట్ తగ్గుతుంది. ఉలవలు, పెసలు మొలకలు కట్టడం, రాగుల్ని మొలకెత్తించి ఆరబెట్టి మరపట్టించడం మొదలుపెట్టింది. గుడ్డు రోజూ, చేపలు వారానికి ఒకసారి. సెలీనియం వీటితోనే సరిపోతుందన్నారు.

మా బావ చెప్పిన రాతి ఉప్పుకి మాత్రం డాక్టరు గట్టిగా అడ్డం చెప్పారు. అయోడిన్ కలపని ఉప్పు ఇంట్లోకి తెస్తే లేని థైరాయిడ్ జబ్బుని తెచ్చుకున్నట్టే. గాయిటర్ (థైరాయిడ్ ఉబ్బి గొంతు వాచడం) తగ్గించడానికి మనదేశంలో 1962 నుంచి ఉప్పులో అయోడిన్ కలిపే కార్యక్రమం నడుస్తోంది. ఇంటికి చేరేసరికి కిలో ఉప్పులో కనీసం 15 మిల్లీగ్రాముల అయోడిన్ ఉండాలి. కూర ఉడికాక చివర్లో ఉప్పు వేయడం, డబ్బా మూత గట్టిగా పెట్టడం తప్ప చేయాల్సిందేమీ లేదన్నారు.

థైరాక్సిన్ మొదలుపెట్టలేదు. టీఎస్‌హెచ్ 10 లోపు ఉంది, టీ4 మామూలుగా ఉంది, గ్రంథి మీద ఒళ్లే దాడి చేస్తోందని చెప్పే యాంటీబాడీలు లేవు. ఇలాంటప్పుడు ఎదురుచూడటమే సరైనదని ఆయన అన్నారు. వాల్‌ప్రోయేట్ వల్ల వచ్చే ఈ పెరుగుదల చాలామందిలో అక్కడే ఆగుతుంది, మందు ఆపినవాళ్లలో తిరిగి దిగుతుంది. అక్కర్లేని థైరాక్సిన్ ఎక్కువైతే హార్మోను మితిమీరి, ఫిట్స్ మళ్లీ రేగే ప్రమాదం ఉంది. ఈ మాట ఫిట్స్ ఉన్న ప్రతి ఒక్కరూ వినాలి. అయితే టీఎస్‌హెచ్ 10 దాటినా, టీ4 పడిపోయినా, గర్భం కోసం చూస్తున్నా లెక్క వేరు. అప్పుడు థైరాక్సిన్ తప్పదు, ఫిట్స్ ఉన్నాయని మానకూడదు.

పొద్దుటి మోతాదు వేసుకోకముందు తీసిన రక్తంలో నా వాల్‌ప్రోయేట్ స్థాయి 96 ఉంది. 50 నుంచి 100 మధ్య ఉండాలి. కుదుపులు లేక చాలాకాలమైంది కాబట్టి మేడం మోతాదుని కొద్దిగా తగ్గించారు. జింక్ మూడు నెలల తర్వాత 81కి వచ్చింది. జుట్టు రాలడం తగ్గింది. జింక్ వల్లనా, మోతాదు తగ్గినందుకా అని అడిగితే, రెండూ ఒకేసారి చేశాం కాబట్టి విడదీసి చెప్పలేమని మేడం అన్నారు. ఆ జవాబు నాకు నచ్చింది.

హోసకోటలో మా పెద్దమ్మ కూతురికి నాకన్నా భిన్నమైన సంగతి. ఆమె ఏళ్లుగా థైరాక్సిన్ వేసుకుంటోంది, బాగానే ఉంది. ముఖం మీద మెరుపులాంటి నరాల నొప్పికి కార్బమాజెపిన్ మొదలుపెట్టాక టీఎస్‌హెచ్ పెరుగుతూ పోయింది. మాత్ర మారుస్తూ, కంపెనీ మారుస్తూ ఇబ్బంది పడుతుంటే నేను ఫోనులో, "అక్కా, నరాల డాక్టరు ఇచ్చిన చీటీ థైరాయిడ్ డాక్టరుకి చూపించినావా?" అని అడిగాను. చూపలేదు. కార్బమాజెపిన్ కాలేయం ఎంజైములని పెంచి థైరాక్సిన్‌ని త్వరగా ఖర్చు చేస్తుంది. ఆరోగ్యంగా ఉన్న గ్రంథి అయితే ఇంకాస్త తయారుచేసి సర్దుకుంటుంది. ఆమె గ్రంథికి ఆ శక్తి లేదు, మాత్రే ఆధారం. మోతాదు పెంచాక ఆరు వారాలకి సరైంది. కార్బమాజెపిన్ ఆపినరోజు థైరాక్సిన్ మళ్లీ తగ్గించుకోవాల్సి ఉంటుందని కూడా రాయించుకుంది. థైరాక్సిన్‌ని ఉత్తి మంచినీళ్లతో పరగడుపున వేసుకుని అరగంటైనా ఆగి ఫిల్టర్ కాఫీ తాగాలి, ఐరన్, కాల్షియం మాత్రలు నాలుగు గంటల దూరంలో ఉండాలి.

నా అనుభవం చదివి ఆడపిల్లలకి వాల్‌ప్రోయేట్ అడగకండి. కడుపులో బిడ్డకి వెన్నుపాము లోపాలు, ఎదుగుదల, చదువు సమస్యలు తెచ్చే మందు అది. గర్భం వచ్చే వయసు ఆడవాళ్లకి వేరే దారి లేనప్పుడే, గట్టి జాగ్రత్తల మధ్య ఇస్తారు. లామోట్రిజిన్, లెవెటిరాసెటాం లాంటి మందులు థైరాయిడ్‌ని పెద్దగా కదిలించవు. ఇప్పటికే వాల్‌ప్రోయేట్ వాడుతున్నవాళ్లు ఇది చదివి ఈ రాత్రే మాత్ర మానేయకండి. గర్భం గురించి ఆలోచన వచ్చినప్పుడే, గర్భం రాకముందే న్యూరాలజిస్టుతో మాట్లాడండి.

నా జేబులో ఇప్పుడు ఒక కాగితం ఉంటుంది. వేసుకునే ప్రతి మాత్ర పేరు, మోతాదు, మొదలుపెట్టిన తేదీ, విటమిన్ మాత్రలతో సహా. రక్తం ఇచ్చేటప్పుడు ల్యాబ్‌లో దాన్ని ఫొటో తీయమని అడుగుతాను. మొన్నటి టీఎస్‌హెచ్ 4.9. కాలేయం, ప్లేట్‌లెట్లు కూడా వాల్‌ప్రోయేట్ వాడినన్నాళ్లూ చూసుకోవాలి కాబట్టి, థైరాయిడ్‌ని ఇకనుంచి వాటితోపాటే ఏడాదికొకసారి చూస్తే చాలన్నారు.